ఒక స్వరం, ఐదు గీతలు

మా తాతగారు నాదస్వర మేళంలో ఒత్తు ఊదేవారు. ఒత్తుకు వేళ్లతో పలికించవలసిన రంధ్రాలు లేవు. అడుగున ఉన్న చిన్న రంధ్రాలను మైనంతో సరిచేసి శ్రుతి కుదుర్చుకొని, కచేరీ ముగిసేవరకు ఒకే స్వరాన్ని తెంపు లేకుండ నిలపడమే ఆయన పని. "ఒకటే మోతకు విద్య యెందుకు, తాతా?" అని చిన్నతనంలో ఒకసారి ఆయన యెదుటనే అన్నాను. ఆయన బదులు పలకక ఒత్తును గుడ్డతో తుడుచుకొన్నారు. ఆ మాటకు క్షమాపణ చెప్పుకొనే అవకాశం నాకు మరి దొరకలేదు.

కాలేజీలో చేరిన పిదప పాశ్చాత్య సంగీత లిపి నేర్వాలన్న సరదా పుట్టింది. ఐదు గీతలు, వాటి నడుమ నాలుగు ఖాళీలు. ఐతే ఏ గీత ఏ స్వరమో గీతను చూస్తే తెలియదు. మొదట ఉంచే క్లెఫ్ చెప్పాలి. ఫ్రెంచిలో ఆ మాటకు తాళపుచెవి అని అర్థం. (మన ఆదితాళానికి దీనితో చుట్టరికం లేదు!) ట్రెబుల్ క్లెఫ్ జి అనే అక్షరానికి వంకర తిరిగిన రూపం, దాని చుట్ట క్రిందినుండి రెండవ గీతను పట్టుకొని, అది జి స్వరమని చెబుతుంది. బాస్ క్లెఫ్ ఎఫ్ నుండి పుట్టింది. దాని రెండు చుక్కల నడుమ పోయే నాల్గవ గీత ఎఫ్. మొదటిదానికి క్రింద, రెండవదానికి పైన ఒక్కొక్క అదనపు గీత గీస్తే, రెండుచోట్లా దొరికేది మిడిల్ సి ఒక్కటే. ఇది తెలిసిననాడు నాకు కలిగిన సంతోషం ఇంతంత కాదు.

ఆ గర్వం డిజెరిడూ రికార్డు విన్నంతవరకే. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆదివాసుల వాద్యమది. ఆ పేరు దాని మోతనుబట్టి తెల్లవారు పెట్టినది. ఈశాన్య ఆర్నెమ్‌లాండ్‌లోని యోల్ఙు ప్రజలు యిదాకి అంటారు. యూకలిప్టస్ మానును చెదపురుగులే లోపల తొలుస్తాయి. మనిషి బెరడుమీద తట్టి, బోలు పలుకును పోల్చుకొని నరుకుతాడు. ఊదేచోట తేనెమైనం అద్దుతాడు. పాటకుడు కఱ్ఱలు తట్టుచు పాడుతుంటే యిదాకి వెంట నడుస్తుంది. ఆ పాటలు వంశాలవి, ఆ వంశాల నేలతో ముడిపడినవి.

ఆ నాదాన్ని కాగితంమీద పెట్టబూనితిని. బాస్ క్లెఫ్ వేసి, ఒక పూర్ణస్వరం వ్రాసి, దానిని మరొకదానితో, దానిని ఇంకొకదానితో కలుపుతూ పోయాను. పుటంతా ఒకే సున్న! చెవికి మాత్రం నాలుక కదలిక, బుగ్గల ఒత్తిడి, ఊదుతూనే గొంతుతో చేర్చే కూతలు స్పష్టంగా వినబడుతున్నాయి. ఆ లయలను వారు మన మృదంగ జతులవలె నోటితో పలికి నేర్చుకొంటారట. క్లెఫ్ స్వరం ఎంత ఎత్తో చెప్పగలదు. ఆ స్వరం లోపల ఏమి జరుగుతున్నదో చెప్పలేదు.

ఆ వాదకులు ఊపిరిని బుగ్గలలో నిలిపి, దానిని నెడుతూనే ముక్కుతో గాలి పీల్చుకొంటారు. ఒత్తు ఊదేవారిదీ అదే విద్య. నేడు అనేక కచేరీలలో ఆ చోట విద్యుత్ శ్రుతిపెట్టె ఉంటున్నది. గ్లాసెడు నీళ్లలో గొట్టముంచి, బుడగలు ఆగకుండ ఊదబోయాను. నాల్గవ ఊపిరికే ఆగిపోయాయి. తాతగారు రాత్రి కచేరీలలో మూడేసి గంటలు ఊదేవారు.