వెయ్యి కొండల దేశంలో ఏఐకి పగ్గాలు

కిగాలీ విమానాశ్రయంలో దిగగానే నా సంచిలోని పాలిథిన్ కవరు తీసేసుకున్నారు. అందులోని చెగోడీలు మాత్రం నాకే వదిలారు. ర్వాండాలో 2008 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. మన తెలంగాణలో నాలుగో వంతు కూడా లేని దేశమది. అంత చిన్న దేశం కృత్రిమ మేధను ఎలా అదుపు చేస్తుందో చూద్దామనే వెళ్లాను.

ముందు డ్రోన్ల కేంద్రం ఉన్న ముహంగాకు బయల్దేరాను. అరటి తోటల మధ్య ఘాట్ రోడ్డు, ఎక్కడ చూసినా వాలులన్నీ చెక్కి సాగుచేసిన మళ్లు. జిప్‌లైన్ అనే కంపెనీ డ్రోన్లు 2016 నుంచి ఇక్కడి నుంచి ఆసుపత్రులకు రక్తం చేరవేస్తున్నాయి. వడిసెల రాయిలా డ్రోన్ రివ్వున లేచి కొండ దాటిపోయింది. ఇక్కడ ముందు ఎగరనిచ్చారు, చూశారు, 2018లో నిబంధనలు రాశారు. యంత్రం ఇలాగే ఉండాలని కాదు, ఈ పనికి ఇది సురక్షితమని నువ్వే రుజువు చేయాలన్నది ఆ నిబంధనల సారం. 2021లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపి చూసిన మనకు ఈ దారి కొత్తేమీ కాదు.

ఏఐ విషయంలోనూ అదే తీరు. 2023 ఏప్రిల్‌లో మంత్రివర్గం జాతీయ ఏఐ విధానాన్ని ఆమోదించింది. అది చట్టం కాదు. నైతిక మార్గదర్శకాల బాధ్యతను టెలికాం, విద్యుత్తు లాంటి సేవలను నియంత్రించే సంస్థకే అప్పగించింది. అసలు పట్టు అంతకుముందే, 2021 అక్టోబరు నాటి వ్యక్తిగత డేటా చట్టంలో ఉంది. పౌరుల డేటాను దేశంలోనే దాచాలి. బయట దాచాలంటే అనుమతిపత్రం ఉండాలి. ఏఐకి మేత డేటాయే కాబట్టి, పెద్ద కంపెనీ అయినా ఆ అనుమతి కోసం వచ్చి నిలబడాల్సిందే.

కిగాలీలో కాఫీ తాగుతూ ఒక యువ ఇంజినీరును కదిపితే మాట భాష మీదికి మళ్లింది. అక్కడి భాష కిన్యర్వాండాలో రెండు వేల గంటలకు పైగా గొంతు రికార్డింగులు మొజిల్లా వారి స్వర సేకరణ కామన్ వాయిస్‌లో చేరాయి. స్థానిక సంస్థ డిజిటల్ ఉముగాండా వాలంటీర్లను కూడగట్టింది. పల్లెటూరి తల్లికి చాట్‌బాట్ తప్పు వైద్య సలహా ఇచ్చిందో లేదో తేల్చాలన్నా ముందు ఆమె మాట యంత్రానికి అర్థం కావాలి కదా అన్నాడతను. సొంత భాషలో డేటా లేని దేశం నియమం రాయగలదు గానీ, అది అమలైందో లేదో పరీక్షించలేదు. ఈ సంగతి నాకు అక్కడే తట్టింది.

మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న అడగాలి. డేటా చట్టాన్ని కాపాడే కార్యాలయం జాతీయ సైబర్ భద్రతా సంస్థలో భాగం. అంటే పర్యవేక్షించేదీ ప్రభుత్వమే, డేటాను ఎక్కువగా వాడేదీ ప్రభుత్వమే. 2021లో పెగాసస్ అనే ఫోన్ నిఘా సాఫ్ట్‌వేర్ ఆరోపణల్లో ర్వాండా పేరూ వినిపించింది, ప్రభుత్వం ఖండించింది. గట్టి రాజ్యం కంపెనీని తేలిగ్గానే దారికి తెస్తుంది. ఆ రాజ్యమే నడిపే యంత్రం ఒక రైతుకు అన్యాయం చేస్తే ఆయన ఎవరికి మొర పెట్టుకోవాలి? పెట్టుబడి తక్కువైనా, మార్కెట్ చిన్నదైనా కంపెనీలకు షరతులు పెట్టవచ్చని ర్వాండా చూపింది. తనకు తాను షరతు పెట్టుకోవడమే ఇక మిగిలిన పని, కష్టమైన పని కూడా.