గుండె చేతిలో ఏముంది?

మన భాషలో గుండెకున్నంత చాకిరీ మరే అవయవానికీ లేదు. భయమేస్తే గుండె జారుతుంది. అర్ధరాత్రి ఫోను మోగితే గుభేలుమంటుంది. దుఃఖమొస్తే చెరువవుతుంది. పరీక్ష ఫలితాలనాడు అందులో రైళ్ళు కూడా పరుగెడతాయి. మంచీ చెడూ అన్నీ దాని నెత్తిన రుద్దేసి మిగతా శరీరం హాయిగా కూర్చుందన్నమాట!

తీరా చూస్తే గుండెగారి పెత్తనం అంతంతమాత్రమే. ఉన్నది 300 గ్రాముల కండ. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. ఆ లెక్కన రోజుకి లక్ష దెబ్బలు. ఆదివారం సెలవు లేదు, పండగ బోనసు లేదు.

తాళం మాత్రం దాని సొంతమే. కుడివైపు పైగది గోడలో చిన్న కణుపొకటి ఉంది. 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని కనిపెట్టారు. దెబ్బ దెబ్బకీ మొదటి సైగ అక్కడే పుడుతుంది. దాని ఇష్టానికి వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొట్టిస్తుంది. మరి మనకి 70 ఏమిటంటారా? మెదడు అడుగునుంచి దిగే వేగస్ అనే నరం జట్కావాడిలా పగ్గం బిగించి పట్టుకుంటుంది. గుండె మార్పిడి చేసినవారికి ఆ పగ్గం తెగిపోతుంది. అందుకే ఊరికే కూర్చున్నా వాళ్ళ గుండె మనకన్నా వేగంగా కొట్టుకుంటుంది.

ఈ పగ్గం ఎలా పనిచేస్తుందో చెప్పినాయన ఆటో లోవీ. ఒక కప్ప గుండెకున్న నరాన్ని రేపితే ఆ గుండె నెమ్మదించింది. దాన్ని తడిపిన నీరు తీసి ఇంకో కప్ప గుండెమీద పోస్తే అదీ నెమ్మదించింది! నరం ఏదో రసాన్ని వదులుతోందని తేలింది. 1921లో ఈ సంగతి ప్రకటించారు, 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగం ఎలా చెయ్యాలో నిద్రలో తట్టిందని ఆయనే చెప్పుకున్నారు. మనకీ నిద్రలో బోలెడు తడతాయి, లేచేసరికి ఒక్కటీ గుర్తుండదు.

అసలు పరీక్ష మనం పక్కమీంచి లేచినప్పుడు. నిలబడగానే అరలీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారుతుంది. మెడలోని పెద్ద రక్తనాళంలోనూ, గుండె పైనున్న వంపులోనూ కావలివాళ్ళున్నారు. పీడనం తగ్గిందని క్షణంలో మెదడుకి కబురు పెడతారు. మెదడు పగ్గం వదులు చేస్తుంది, గుండె వేగం పుంజుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా మనం చెప్పులు వెతుక్కునేలోపే!

వయసు మీరాక ఆ కావలివాళ్ళకీ కునుకుపాట్లే. మా మేనత్తకు 78 ఏళ్ళు. నిరుడు కార్తీకంలో, ఉపవాసం మర్నాడు, తెల్లవారుజామున స్నానానికని దిగ్గున లేచి, గడప దగ్గర తూలి పడింది. మణికట్టు విరిగింది. "పైత్యంరా" అంది. డాక్టరు పడుకోబెట్టి ఓసారి, నిలబెట్టి ఓసారి బి.పి. చూశాడు. పడుకుంటే 140, నిలబడితే 112.

"మామ్మగారూ, నీళ్ళు బాగా తాగండి. బిళ్ళలు మీ అంతట మీరు మానెయ్యకండి, ఏది తగ్గించాలో నేను చెబుతాను. లేచేముందు మంచం అంచున ఒక్క నిమిషం కాళ్ళు వేలాడేసి కూర్చోండి. మడమలు పదిసార్లు ఆడించండి. అప్పుడు లేవండి" అన్నాడు.

ఇది మా అత్తకొక్కదానికే చెప్పిన మాట కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ చెవిన కూడా వెయ్యండి. ముసలితనంలో ఒక్క పడటం చాలు, మనిషి మంచానికే అతుక్కుపోవడానికి.

అత్త ఆ నిమిషాన్ని నిష్ఠగా పాటిస్తోంది. మొన్న కాళ్ళు ఆడిస్తూ అంది కదా: "పదహారో ఏట కాపురానికి వచ్చాన్రా. మామగారి పిలుపుకీ, మీ మావయ్య కేకకీ, పిల్లల ఏడుపుకీ దిగ్గున లేవడమే తప్ప, ఒక్క నిమిషం కూర్చోమన్నవాళ్ళు లేరు. ఇన్నాళ్ళకి నా మెడలో నరం అడిగింది."