బొగ్గుముక్కతో గీసిన 'ఈ'

1999. నేను ఏడో తరగతి. గోదావరిఖనిలో మా బాపుది బాయి పని. గని కార్మికులకు ఐదేళ్లకోసారి వైద్యపరీక్షలుండేవి. అందులో చూపు పరీక్ష ఒకటి. ఆ పిలుపు వచ్చిందంటే ఇంట్లో అందరికీ గుబులే. 'అన్‌ఫిట్' అన్నారంటే?

చదువు రానివాళ్లను ఇంగ్లిషు 'ఈ' గుర్తు ఎటు తిరిగి ఉందో అడుగుతారు. పరీక్ష ముందురోజు పక్కింటి మామ మా వెనక గోడ మీద బొగ్గుముక్కతో పెద్దవీ చిన్నవీ 'ఈ'లు గీశాడు. బాపు దూరంగా నిలబడి గడగడా చెప్పాడు. కింది వరుస "పైకి, ఎడమకు, కిందికి" అంటూ నా వైపు తిరిగాడు. తప్పో ఒప్పో చెప్పాల్సింది నేను. నాకు మసక తప్ప ఏమీ కనిపించలేదు.

"బిడ్డా, బడిల బోర్డు కనవడ్తదా?"

అంతవరకూ నన్నెవరూ అడగని ప్రశ్న అది. బోర్డు అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకునేదాన్ని. సార్లు మొద్దు అనేవాళ్లు. నేనూ నమ్మాను.

బొగ్గుకూ కంటికీ పాత వైరం ఉంది. మసక దీపాల కింద ఏళ్ల తరబడి పనిచేసినందుకు కనుగుడ్లు ఆగకుండా కదిలే జబ్బు ఒకప్పుడు బ్రిటన్‌లో వేలమంది గని కార్మికులకు వచ్చింది. వెలుతురు పెరిగాక తగ్గింది. పిల్లల చూపు కథ వేరు. తగ్గినా పైకి తెలియదు. వాళ్లూ చెప్పరు.

ఈమధ్య రామగుండంలో ఓ బడికి వెళ్లాను. అక్కడి నర్సు మేడం నేల మీద ఆరు మీటర్లు కొలిచి సుద్దతో గీత గీశారు. 1862లో స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు తయారుచేసిన చార్టు పద్ధతే ఇప్పటికీ ఆధారం. ఆరు మీటర్ల దూరంలో చదవాల్సినదాన్ని చదివితే 6/6. ఒక్కో కన్ను విడివిడిగా చూడాలి. రెండూ కలిపి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని దాచేస్తుంది. బద్ధకించిన కన్నును ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే మేలు.

వరుసలోని పిల్లలు ముందువాళ్లు చెప్పింది బట్టీ పడుతున్నారు. మేడం నవ్వి చార్టు మార్చారు. "చీటీ రాసివ్వడం తేలికే. అది ఇంటికి చేరాలి, అద్దాలు కొనాలి, సంచిలోంచి కళ్ల మీదికి రావాలి. ఆడపిల్లకు అద్దాలా అని అడ్డుపడే తల్లులున్నారు" అన్నారు. అందుకే నెల తర్వాత మళ్లీ తరగతి తరగతికీ తిరుగుతారట. 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు' లాంటి కార్యక్రమాలు వచ్చి వెళ్తాయి. పిల్లల చూపు మాత్రం ఏటా మారుతుంది.

బాపు ఆ పరీక్ష గట్టెక్కాడు. ఆ నెల జీతంలో మొదట కొన్నవి నా కళ్లద్దాలే. పెట్టుకుని నేరుగా వెనక గోడ దగ్గరికి పోయాను. బొగ్గు గీతలు ఇంకా చెరగలేదు. కింది వరుసలో బాపు చెప్పిన మూడింటిలో రెండు తప్పు.

ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.