కొంగల లెక్క

పోయిన డిసెంబరు 31న రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ని, జనవరి ఒకటిన కాఫీ తాగేసి ఇంకేం చెయ్యాలో తోచక అరుగు మీద కూర్చున్నాను. మా అమ్మాయి హైదరాబాదు నుంచి బైనాక్యులర్స్ పంపింది. "పిట్టల్ని చూడు నాన్నా, బీపీ తగ్గుతుంది" అంది. నవ్వొచ్చింది. మా భీమవరంలో పొద్దున్నే అందరూ చూసేది రొయ్యల రేటు కదా!

అయినా ఒక నోటు పుస్తకం కొనుక్కుని, సైకిలేసుకుని చెరువు గట్ల వెంట పడ్డాను. మొదటి వారంలోనే పదకొండు రకాలు రాసుకున్నాను. నీటికాకి, తెల్లకొంగ, లకుముకి, నీటికోడి... పేరు తెలియనివాటికి బొమ్మ వేసుకున్నాను.

సంక్రాంతి ఇంకో రెండ్రోజులుందనగా, ఓ గట్టు మీద కొంగల్ని లెక్కపెడుతుంటే ఢామ్మని టపాకాయ పేలింది. కొంగలన్నీ లేచిపోయాయి. కోపంగా తిరిగి చూస్తే, చేతిలో అగ్గిపెట్టెతో వాడు.

వాడంటే ఆరో తరగతి నుంచి నా బెంచీవాడు. ఎనిమిదేళ్లుగా మాకు మాటల్లేవు. అప్పట్లో చెరువుకని నా దగ్గర రెండు లక్షలు తీసుకున్నాడు. ఆ పంటకే తెల్లమచ్చ తెగులొచ్చి మొత్తం పోయింది. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను నేను. మొహం చూపించకపోవడమే మర్యాద అనుకున్నాడు వాడు. ఏటా మావుళ్లమ్మ జాతరలో ఎదురుపడినా చెరో పక్కకీ తిరిగిపోయేవాళ్లం.

"నా కొంగల్ని లేపేశావేంట్రా?" అన్నాను. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి మాట అది.

"నీ కొంగలేంట్రా? పక్క చెరువులో చచ్చిన రొయ్యని ముక్కున కరుచుకొచ్చి నా చెరువులో పడేస్తే వైరస్ ఎవడికి, నీకా?" అన్నాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పండక్కి వాళ్లింటికి వెళ్లాం. "ఎన్నాళ్లకి అన్నయ్యగారూ!" అంటూ వాళ్లావిడ రొయ్యల వేపుడు వడ్డించింది. తిరిగొస్తుంటే మా ఆవిడ మెల్లిగా అడిగింది, "మళ్లీ అప్పేమన్నా అడిగాడా?" అని.

ఫిబ్రవరిలో వాణ్ని బతిమాలి ఆటపాక తీసుకెళ్లాను. ఏరియేటర్లు వదిలి రానన్నాడు. చివరికి కొడుకుని గట్టు మీద కాపలా పెట్టి వచ్చాడు. ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు, అక్కణ్నుంచి ఆటో. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. వాడికి కొల్లేరంటే ఆ గట్ల గొడవే తప్ప పక్షులు గుర్తుకురావు. పడవలో దగ్గరికెళ్తే, ఒక గూడబాతు నోరు తెరిచింది. పిల్ల దాని గొంతు సంచీలోకి తల దూర్చి చేపలు తింటోంది. వాడు చాలాసేపు చూసి, "దీని మేత ఖర్చెంతవుద్దిరా?" అన్నాడు.

గూళ్లు ఎన్నున్నాయో లెక్క తేలక నేను తికమకపడుతున్నాను. వాడు పుస్తకం లాక్కున్నాడు. చెరువులో వల విసిరి, పడినవాటిని తూచి కేజీకి ఎన్ని రొయ్యలో చెప్పే చెయ్యి వాడిది. ఒక స్టాండు మీది గూళ్లు లెక్కపెట్టి, స్టాండ్లతో హెచ్చవేసి రాసేశాడు. శాంపిల్ తీసి మొత్తం కట్టడం గురించి క్లాసులో నేను చెప్పిన పాఠాలన్నీ కలిపినా అంత బాగుండవు.

తర్వాత ఇద్దరం ఆగలేదు. ఆషాఢంలో గోదారికి ఎర్రనీళ్లొచ్చాయని విజ్జేశ్వరం వెళ్లాం. మా పశ్చిమ డెల్టా కాలవలకి నీళ్లు అక్కణ్నుంచే. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందని నేను చెబుతుంటే, "ఆ నీళ్లు లేకపోతే నా చెరువూ లేదు, నీ కొంగా లేదు" అని తేల్చేశాడు. నర్సాపురంలో పంటి ఎక్కి అంతర్వేది వెళ్లి, గోదారి సముద్రంలో కలిసే చోట కాళ్లు తడుపుకున్నాం. నవంబరులో కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు. చెక్క వంతెన మీద నడుస్తూ ఆ వేళ్లకేసి చూపించాడు. "వనామీ రాకముందు, టైగర్ రొయ్య రోజుల్లో ఇలాంటి పాయల్లోనే పిల్లని పట్టేవారు. ఇది రొయ్యలకి పురిటిల్లురా." బైనాక్యులర్స్ నా మెడలో ఉన్నా, ఆ రోజు చూపించింది మాత్రం వాడే.

మొన్న డిసెంబరు మొదటి వారంలో, పట్టుబడి అయిన మర్నాడు ఇంటికొచ్చాడు. బల్ల మీద గుడ్డసంచీ పెట్టాడు. యాభై వేలు. "మిగతాది పంటపంటకీ ఇస్తాను" అన్నాడు, నా మొహం చూడకుండా.

వద్దు అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఏడాదంతా పక్కన నడిచినవాడు కదా! కానీ ఆ మాటంటే వాడు మళ్లీ మొహం చాటేస్తాడని తెలుసు. ఎనిమిదేళ్లు అడక్కుండా ఉండి నేను చేసిన తప్పు అదే. వాడి ముందే నోట్లు లెక్కపెట్టి, బీరువాలో పెట్టాను. వాడు నిటారుగా కూర్చుని, "టీ పెట్టమ్మా" అని మా ఆవిణ్ని కేకేశాడు.

పుస్తకంలో ఏడాది మొత్తానికి అరవై మూడు రకాలు. తొమ్మిదింటి పేర్లు వాడు చెప్పినవే.

టపాకాయలు మాత్రం మానలేదు. పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా ఆపుతాడు, అంతే. అది నేను సైకిలేసుకుని వచ్చే వేళ.