ఊరికే

డాక్టరేటు చేతికొచ్చాక ఇంక పరీక్షలుండవనుకున్నాను. పోయిన ఏడాది నుంచీ మళ్ళీ ఒకదానికి తయారవుతున్నాను. ఈ శీతాకాలంలో మూడు వందల కిలోమీటర్ల బ్రెవె తొక్కాలి, ఇరవై గంటల్లో. ఆ తర్వాత అన్నీ కుదిరితే సైకిలుకి సంచులు కట్టుకుని మూడు రోజులపాటు కృష్ణా డెల్టా మట్టిదారుల్లో తిరగాలి.

బ్రెవె పందెం కాదు. ఫస్టు, సెకండు ఉండవు. ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే పాత ఫ్రెంచి సైకిలు సంఘం పెట్టిన నియమాల ప్రకారం మన దేశంలో ఆడాక్స్ ఇండియా వాళ్ళు నడుపుతున్నారు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర ఆగి మనం వచ్చినట్టు రుజువు చేసుకుంటూ పోవాలి. బైక్‌ప్యాకింగ్ దీనికంటే మొండిది. తారు వదిలేసి కంకరా మట్టీ ఉన్న దారులు పట్టడం, తిండీ బట్టా పనిముట్లూ అన్నీ ఫ్రేముకీ సీటుకీ హ్యాండిలుకీ బిగించిన సంచుల్లోనే మోసుకోవడం. కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్ల టూర్ డివైడ్ ఇలాంటిదే. అమెరికాలో ఎంపోరియా అనే చిన్న ఊళ్ళో 2006లో మొదలైన గ్రావెల్ పందేనికి ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వస్తున్నారు. మనకి గ్రావెల్ అన్న మాట కొత్తేం కాదు. జిల్లా పేపర్లో అక్రమ తవ్వకాల వార్తల్లో రోజూ కనపడేదే. ఆ గ్రావెల్ మీద సరదాకి తొక్కుతారంటే మాత్రం ఎవరూ నమ్మరు.

నా గ్రావెల్ కరకట్ట. గవర్నర్‌పేటలో మా ఇంటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరి, బందరు రోడ్డు దాటి, కృష్ణలంక మీదుగా యనమలకుదురు దగ్గర కట్ట ఎక్కుతాను. చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు, ఇంకా ఓపిక ఉంటే శ్రీకాకుళం, మోపిదేవి, అవనిగడ్డ. కొంతదూరం తారు, కొంతదూరం తారు జ్ఞాపకం మాత్రమే. కుడివైపు అరటితోటలూ పసుపుచేలూ లంకలూ, వాటి వెనక నది. ఈ కట్ట నదిని ఆపడానికి వేసింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరొచ్చి 2009 నాటి వరదను మించినప్పుడు, ఊళ్ళ భయమంతా ఈ మట్టి మీదే. అంత పనిగల కట్ట మీద నేను పనిలేకుండా తిరుగుతున్నానన్నమాట!

ఆ మాట నాకు మొదట గుర్తుచేసింది నాట్లకి వెళ్తున్న ఆడవాళ్ళు. రొయ్యూరు దాటాక ఆటో ఆగి ఉంది. టైరు మారుస్తున్నారు. పదిమంది గట్టున నిలబడ్డారు. ఒక పెద్దావిడ అడిగింది, "ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?"

"ఊరికే పెద్దమ్మా, తోట్లవల్లూరు దాకా."

"ఊరికేనా?" అని ఆవిడ పక్కావిడ వైపు చూసింది. ఎగతాళి లేదు. అర్థంకాని లెక్కేదో సరిచూసుకుంటున్నట్టుంది.

ఊరికే! మన భాషలో ఎంత మంచి మాట. కారణం లేకుండా, ఖర్చు లేకుండా, ప్రయోజనం లేకుండా, అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ ఆడవాళ్ళ ప్రయాణానికి ఈ మాట జోడిస్తే వాక్యం ఎందుకో నిలబడదు. నేను పరిశోధన చేసింది యాత్రాసాహిత్యం మీద. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో సుమారు వందమంది పరివారంతో కాశీకి వెళ్ళాడు. ఆయనకి పుణ్యం ఒక కారణం, కుతూహలం ఇంకో కారణం, రెండోదాన్ని ఎవరూ నిలదీయలేదు. 1870లలో ఇంగ్లండు వెళ్ళొచ్చి 1876లో పుస్తకం వేసిన పోతం జానకమ్మది అసాధారణమైన ధైర్యం. ఆమె వెళ్ళింది భర్తతో. ఆ తర్వాత వందేళ్ళలోనూ మన స్త్రీల యాత్రలకు తీర్థమో, సభో, భర్త ఉద్యోగమో, పిల్లల పురుడో ఏదో ఒక కారణం టికెట్టులా చేతిలో ఉండాల్సిందే.

సైకిలు చరిత్రా అంతే. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోటై జిల్లాలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమంతో పాటు గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ వెనక నిలిచారు. పి. సాయినాథ్ 1996లో వచ్చిన తన కరువు పుస్తకంలో దీని గురించి రాశారు. ముందు కడ్డీ మీద పిల్లని కూచోబెట్టుకోవచ్చని ఆడవాళ్ళు జెంట్స్ సైకిళ్ళే ఎంచుకున్నారట. నాకు ఆ వ్యాసంలో బాగా నచ్చింది ఇంకోటి: దీన్ని ఆదాయం లెక్కల్లోకే కుదించి చూడటం పొరపాటని ఆయన గట్టిగా చెబుతారు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఆడా మగా తేడా 40 శాతం తగ్గిందని మురళీధరన్, ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు 2017లో లెక్కతేల్చారు. తర్వాత మన రాష్ట్రంలోనూ సైకిళ్ళిచ్చారు. పథకం పేరు 'బడికొస్తా'. గొప్ప పథకమే, కాదనను. కానీ ఆ పేరు చూడండి! బడికే వస్తా, ఇంకెక్కడికీ పోనని పిల్లచేత ముందే మాట తీసుకున్నట్టు లేదూ?

ఇక తయారీ సంగతి. పత్రికల్లో, శిక్షణా పుస్తకాల్లో చెప్పే తయారీ నాకు ఇబ్బంది అనిపించలేదు. వారానికి మూడు రోజులు గంటన్నర, ఆదివారం పొడుగు సవారీ, ప్రతి నాలుగో వారం తగ్గించడం. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. తారు మీద గాలి కాస్త ఎక్కువ, కట్ట మీద తక్కువ. లేకపోతే కంకర మీద ఎముకలన్నీ లెక్కకొస్తాయి. సర్కారుతుమ్మ ముళ్ళకి ట్యూబు నిలవదు కాబట్టి ట్యూబులేకుండా లోపల చిల్లులు పూడ్చే జిగురుద్రవం పోయించాను. నల్లరేగడి తడిస్తే మాత్రం ఏ తెలివీ పనిచెయ్యదు. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. పుల్ల పెట్టి గీక్కోవడమే. డిసెంబరులో రోడ్డు మీద సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, పక్కనుంచి చెరుకు ట్రాక్టర్లు ఉయ్యూరు వైపు పోతుంటాయి. తిండికి అరటిపళ్ళు, పులిహోర, అమ్మ చేసిన సున్నుండలు. కొనే ఎనర్జీ బార్ల కంటే సున్నుండ నయం, ఎండకి కాస్త కారినా కడుపుని ఇబ్బందిపెట్టదు.

ఇబ్బంది వచ్చింది సీటు దగ్గర. వందో కిలోమీటరు దాటాక నొప్పి. షాపుకి వెళ్ళి చెప్పాలి. ఏమని చెప్పాలి? "అక్కడ" అన్నాను. నీలిమేఘాలు సంకలనం 1993లో వచ్చింది. నెలసరి గురించీ, పురుడు గురించీ, చనుబాల గురించీ కవిత్వం రాసుకున్న తరానికి విద్యార్థినిని నేను. క్లాసులో శరీర రాజకీయాలు గంటసేపు చెప్పగలను. సైకిలు షాపులో నా దగ్గరున్న పదం "అక్కడ"! షాపతను కూడా తలొంచుకుని "లేడీస్ సీటు ఉందండి, మెత్తగా ఉంటది" అని వెడల్పాటి స్పాంజి సీటు తీశాడు. దూరాలకి అది ఇంకా నరకం. మెత్తని సీటులో కటి ఎముకలు దిగబడి బరువంతా సున్నితమైన భాగాల మీదే పడుతుంది. కావలసింది గట్టి సీటు, ఎముకల వెడల్పుకి సరిపోయేది, మధ్యలో ఖాళీ ఉన్నది. ఈ సంగతి నాకు చెప్పింది హైదరాబాదులో బ్రెవెలు తొక్కే ఒక స్నేహితురాలు. ఫోనులో, మామూలు గొంతుతో, శరీరభాగాల పేర్లన్నీ తెలుగులోనే చెప్పింది. నాకు సీటు దొరకడమే కాదు, మాటలు కూడా దొరికాయి.

రెండోది నీళ్ళు. బడిలో ఉన్నప్పుడు పొద్దున్నించీ సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండటం మనలో చాలామందిమి నేర్చుకున్న మొదటి పాఠం. డెల్టా ఎండలో ఆ పాఠం ప్రాణం తీస్తుంది. కానీ డెల్టా బల్లపరుపు నేల. వరిచేల మధ్య కట్ట మీద నిలబడితే మైలు దూరం నుంచి కనపడతాం. అందుకని నా మ్యాపులో గుర్తులన్నీ వేరు. శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకులు, ఆడవాళ్ళు నడిపే టిఫిన్ హోటళ్ళు, దట్టమైన అరటితోటలు. ప్యాడ్ ఉన్న నిక్కరు మీద మోకాళ్ళ దాకా కాటన్ కుర్తా వేసుకుంటాను. మర్యాద కోసమని ఊళ్ళో అనుకుంటారు. నాకది చాటు.

ఇంట్లో తయారీ వేరే. మా ఆయన రెండేళ్ళ కిందట హాఫ్ మారథాన్‌కి తయారయ్యాడు. అలారం మోగేది, బూట్లు వేసుకుని వెళ్ళేవాడు, వచ్చేసరికి రాగిజావ ఉండేది. అతను తయారయ్యాడు, అంతే. నేను తయారవ్వాలంటే ముందు ఇంటిని తయారు చెయ్యాలి. శనివారం రాత్రే ఇడ్లీపిండి, పాప యూనిఫారం, అమ్మ మాత్రలు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఆదివారం రెండు గంటలు ఎక్కువ ఉంటుంది. డబ్బిస్తాను, నిజమే. కానీ ఆ రెండు గంటలు ఆవిడ తన ఇంట్లో ఎవరికి అప్పజెప్పి వస్తోందో? నా బ్రెవె కార్డు మీద ఆవిడ పేరుకి చోటు లేదు. ఈ సవారీలన్నిటికీ గుండెకాయలాంటి సూత్రం 'స్వయంసమృద్ధి', బయటి సాయం తీసుకోకూడదన్నది. మగవాళ్ళు గర్వంగా చెప్పుకునే ఆ స్వయంసమృద్ధిలో ఇంటి దగ్గర ఎవరో కాచిన రాగిజావ ఎప్పుడూ లెక్కలోకి రాలేదు.

కానీ విచిత్రంగా అదే సూత్రం నన్ను కాపాడింది. మూడు వందలంటే రాత్రి తొక్కాలి. అమ్మ వద్దనలేదు. "తమ్ముడు కారులో వెనకాల వస్తాడు. దూరంగానే ఉంటాడులే" అంది. చిన్నప్పుడు ట్యూషనుకీ, తర్వాత లైబ్రరీకీ, ఒకసారి యూనివర్సిటీ ఇంటర్వ్యూకీ వెనకాల వచ్చిన తమ్ముడే. వాదనలు నా దగ్గర చాలా ఉన్నాయి, పదిహేనేళ్ళుగా ఒక్కటీ పనిచెయ్యలేదు. ఈసారి నియమాల కాగితం చూపించాను. కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప దారిలో ఎవరి సాయమూ తీసుకోకూడదు, వెనకాల బండి రాకూడదు. "వాడొస్తే నేను తొక్కింది లెక్కలోకి రాదమ్మా." అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. "రూలా? రూలైతే సరే" అంది. నా స్వేచ్ఛ అంటే ఒప్పుకోని అమ్మ పారిస్‌వాళ్ళ రూలంటే ఒప్పుకుంది. అవమానపడాలో సంతోషపడాలో తెలియలేదు. సంతకం మాత్రం పెట్టేశాను.

2016లో లేల్ విల్‌కాక్స్ అనే ఆవిడ ట్రాన్స్ యామ్ పందెంలో అమెరికాని ఈ చివర నుంచి ఆ చివరకి పద్దెనిమిది రోజుల్లో దాటి మగవాళ్ళందరికంటే ముందు చేరింది. చివరి రాత్రి ఆమె దాటేస్తుంటే, అప్పటిదాకా ముందున్నతను కలిసి ముగిద్దామన్నాడట. ఇది పందెమని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఆమె పడుకున్న ఆరుబయళ్ళు మాత్రం నా లెక్కకి రావు. నాకు గది కావాలి.

పోయిన నెల రెండు రోజుల ట్రయలు వేసుకున్నాను, కరకట్ట మీదుగా హంసలదీవి, మర్నాడు వెనక్కి. సాయంత్రం డెల్టాలోని ఒక పట్టణంలో లాడ్జికి వెళ్తే కౌంటరు దగ్గరతను నా వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. "సింగిల్ లేడీస్‌కి ఇవ్వమండీ." ఆధార్ కార్డు చూపించాను. కాలేజీ గుర్తింపుకార్డు చూపించాను. "మీ గురించి కాదు మేడమ్, రూలు." ఈ ఊళ్ళోనూ రూలే! టైర్లకీ సీటుకీ ఏడాది పట్టింది, ఈ గోడకి ఏ పనిముట్టూ సంచిలో లేదు. చీకటి పడుతోంది. దగ్గర్లో ఉన్న పాత విద్యార్థినికి ఫోను చేశాను. వాళ్ళన్నయ్య బైకు మీద ఎదురొస్తానన్నాడు. దారి చెప్తే చాలన్నాను.

వాళ్ళ నాయనమ్మ 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి కొత్తకోడలు. ఆ రాత్రి సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. భోజనాలయ్యాక మంచం మీద కూచుని అడిగింది, "ఏం పని మీద వచ్చావమ్మా?"

"ఊరికే మామ్మగారూ. సముద్రం దాకా తొక్కుదామని."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. బెజవాడ నాలుగుసార్లు వెళ్ళింది. రెండు ఆపరేషన్లు, కూతురి పురుడు, ఒక పుష్కరం. "అన్నీ పని మీదే" అంది. తర్వాత నా సంచులు విప్పించింది. పంపు, ట్యూబు, లైటు, జత బట్టలు, ప్యాడ్లు, మాత్రలు, సగం తిన్న సున్నుండల డబ్బా. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి పక్కన పెట్టింది. "ఇంతేనా సామాను?" అని రెండుసార్లు అడిగింది. డబ్బాలోంచి ఒక సున్నుండ తీసుకుని, నెయ్యి తక్కువైందని చెప్పింది.

మర్నాడు ఎదురుగాలి. అవనిగడ్డ నుంచి ఇంటికి ఆరు గంటలు పట్టింది. మూడు వందలకి ఇంకా ఏడు వారాలుంది. చైను మార్చాలి, వెనక లైటుకి కొత్త క్లిప్పు కొనాలి. ఒంటరి ఆడవాళ్ళకి గది ఇచ్చే లాడ్జీల పేర్లు డెల్టా పొడుగునా ఫోన్లు చేసి రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు చోట్ల అడిగాను, నాలుగు దొరికాయి. మా పాప ఆ నోటుబుక్కు అట్ట మీద సైకిలు బొమ్మ వేసి, దాని వెనక ఒక చిన్న సైకిలు కూడా వేసింది.