ఆరు చుట్లు, పదమూడు చుట్లు

మా ఊరి గురించి ఇక్కడ చాలానే రాసుకున్నాను. కాలువగట్టు గురించి, భీమవరం వెళ్ళి చూసిన సినిమాల గురించి, వానాకాలంలో కొల్లేటి నుంచి ఉప్పుటేటిలోకి పరుగెత్తే నీటి గురించి. మా నాన్నగారి పని గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆయన 1984 నుంచి 2018 దాకా ఉండిలో కరెంటు మోటార్లకు వైండింగ్ కట్టారు. రాయకపోవడానికి కారణం మరపు కాదు. ఆ కారణమేమిటో 2024 వేసవిలో ఒక థర్మోకోల్ విమానం పుణ్యమా అని బయటపడింది.

ఆ ఏడు సెలవులకు మా అబ్బాయిని తీసుకుని ఉండి వెళ్ళాను. వాడు ఎనిమిదో తరగతి పూర్తిచేశాడు. రేడియోతో నడిచే విమానం కావాలనీ, అదీ కొన్నది కాదు, చేత్తో కట్టినదే కావాలనీ వాడి పట్టు. మోటారు, బ్యాటరీ, స్పీడు కంట్రోలరు, సర్వోలు, రిమోటు హైదరాబాదులోనే కొన్నాం. ఒళ్ళు మాత్రం ఉండిలో దొరికింది. చేపల్ని ఐసులో పెట్టి లారీలకెక్కించే థర్మోకోల్ పెట్టెలకు మా ప్రాంతంలో కరవా? మూతలు కోసి రెక్కలు చేశాం. లోపల వెదురుబద్ద, పైన బ్రౌన్ టేపు. రెండు రోజులపాటు ఇల్లంతా తెల్లటి పూసలూ, చేపల నీచూనూ. మా అమ్మ విసుక్కుంటూనే వాడికి సున్నుండలు అందించింది. అన్నీ బిగించి త్రాసులో పెడితే 800 గ్రాములు తూగింది.

దాళ్వా కోతలయిన చేలల్లో, తెల్లవారి గాలి లేవకముందు ఎగరేశాం. నాన్నగారు గట్టు మీద మడతకుర్చీ వేసుకుని చూశారు. బాగానే ఎగిరింది. అయితే మా వాడికి ఆ వేగం ఆనలేదు. కొంగకన్నా నెమ్మదిగా పోతోందని వాడి ఫిర్యాదు.

ఇక్కడ నా తెలివితేటలు ప్రవేశించాయి.

విమానానికి ఉన్న మోటారు మీద 1000 కేవీ అని ఉంది. ముందుచూపుతో నేను కొన్న రెండో మోటారు మీద 2200 కేవీ అని ఉంది. పరిమాణం అదే, బరువు దాదాపు అదే, వెలా అదే. పెద్ద అంకె ఉన్నది బలమైనదని ఎవరికైనా అనిపిస్తుంది కదా! (ఈ కేవీ కిలోవోల్టు కాదని ముందే మనవి చేసుకోవాలి. వెయ్యి కేవీ మోటారని చెబితే, లైన్‌మన్‌గా చేసే మా బావ నోరు తెరిచాడు. ఊళ్ళో తీగల్లో పారేదే పదకొండు కేవీ మరి.) పాత మోటారు విప్పి కొత్తది బిగించాను. ముందున్న పది అంగుళాల ప్రొపెల్లరే దీనికీ తగిలించాను. అదే బ్యాటరీ, అదే కంట్రోలరు. వాకిట్లోనే పరీక్షిద్దామని మా వాడు తోక పట్టుకోగా నేను రిమోటు పుల్ల పైకి తోశాను.

ఒక కేక లాంటి శబ్దం వచ్చింది. రెండు మూడు సెకండ్లు. తరువాత కంట్రోలరు నుంచి సన్నగా పొగ, ఆ వెనకే ఆ వాసన. ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మాడిన వార్నిష్ వాసన. బ్యాటరీ ఊడబెరికేసరికి చెయ్యి చురుక్కుమంది. సాయంత్రానికి అది కొద్దిగా ఉబ్బింది. లిథియం బ్యాటరీ ఉబ్బితే దానితో పరాచికాలు పనికిరావు కాబట్టి ఇసుక పోసిన బకెట్టులో పెట్టి పెరటి చివర వదిలేశాను.

"నాసిరకం కంట్రోలరు అంటగట్టారు," అన్నాను కోపంగా.

నాన్నగారు వరండాలోంచి లేచి వచ్చారు. "లోడెంత లాగిందిరా?"

"కంట్రోలరు ముప్పై ఆంపియర్లదండీ నాన్నగారూ."

"అది ఎంత తట్టుకుంటుందో చెప్పావు. ఎంత లాగిందని అడుగుతున్నాను."

నా దగ్గర సమాధానం లేదు. నాకు ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా ఉంది. ఉద్యోగం సాఫ్ట్‌వేరులో అనుకోండి, అయినా పట్టా పట్టాయే.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, భూతద్దం తెప్పించుకుని, చల్లారిన మోటారును వేళ్ళ మధ్య తిప్పారు. జీవితమంతా రెండు చేతులతో ఎత్తవలసిన మోటార్లను చూసిన మనిషికి అది ఉసిరికాయంత. "ఈ ఆరు పక్కన ఏదో అక్షరం ఉంది. టర్న్సేనా?" అన్నారు. 2212 అనే అంకె తరువాత 6టి అని ఉంది. నేనెన్నడూ దాన్ని పట్టించుకోలేదు. పాత మోటారు తెమ్మన్నారు. దాని మీద 13టి.

"ఆరు చుట్లదానికీ పదమూడు చుట్లదానికీ ఒకటే ఫ్యాను తగిలించావా!" అని నవ్వారు.

అప్పుడు కాగితం మీద గుణించి చూశాను. పదమూడు చుట్లు, వెయ్యి కేవీ: 13,000. ఆరు చుట్లు, 2200 కేవీ: 13,200. ఈ రకంలోనే పది చుట్లది 1400 కేవీ: 14,000. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకూ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె, అంతే. లోపల తీగ చుట్లు సగమైతే బయట వేగం సుమారు రెట్టింపవుతుంది. బలం కాదు, వేగం. అదే మెలిక శక్తి కావాలంటే తక్కువ చుట్ల మోటారు ఎక్కువ ఆంపియర్లు మింగాలి. మా పుస్తకాల్లో ఇది సూత్రంగా ఉండేది. నాన్నగారికి వేళ్ళ కొసల్లో ఉంది.

మా బ్యాటరీలో మూడు గదులు. ఒక్కొక్కటీ 3.7 వోల్టులు, వెరసి 11.1. నిండుగా ఉన్నప్పుడు 12.6. వెయ్యి కేవీ మోటారు లోడు లేకుండా నిమిషానికి 11,100 చుట్లు తిరగాలని చూస్తుంది, రెండోది 24,420. ప్రొపెల్లరును తిప్పడానికి కావలసిన శక్తి వేగంతో పాటు వరుసగా పెరిగితే గొడవే లేదు. అది వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం 2.2 రెట్లయితే శక్తి పదిరెట్లు దాటుతుంది! మొదటి మోటారు 150 వాట్ల చిల్లర అడిగితే రెండోది పదిహేను వందల పైమాట అడగాలి. అంతదాకా వెళ్ళదు లెండి, ఈ లోపే ఏదో ఒకటి కాలిపోతుంది. కాలిపోయింది కూడా. ప్రొపెల్లరు వ్యాసమైతే మరీ దారుణం. శక్తి దాని నాలుగో ఘాతంతో పెరుగుతుందని లెక్క. 2200 కేవీ మోటారుకు తయారీదారులు సూచించేది ఆరు అంగుళాల ప్రొపెల్లరు. ఆరు నుంచి పదికి పెంచితే దాదాపు ఎనిమిది రెట్ల లోడు.

బ్యాటరీ మీద 2200 అని ఇంకో అంకె ఉంటుంది. అది మిల్లీ ఆంపియర్ గంటలు. ఈ 2200 వేరు, ఆ 2200 వేరు. పక్కనే 25సి అని ఉంటే, 2.2ను 25తో గుణించి 55 ఆంపియర్ల దాకా ఇవ్వగలదని అర్థం. ఆ సి అంకెను అమ్మేవాళ్ళు ఉదారంగా వేస్తారు కనుక సగం నమ్మితే మంచిది. కానీ ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. బ్యాటరీ 55 ఇస్తుందంటే మోటారులోకి 55 తోస్తుందని కాదు. మోటారు ఎంత లాగితే అంత ఇస్తుంది. మోటారు తనంతట తాను లాగదు, ప్రొపెల్లరు లాగిస్తుంది. బ్యాటరీకీ మోటారుకూ జోడీ కుదర్చడమంటే నిజానికి ముందు కొసనున్న ఆ ప్లాస్టిక్ ముక్కను చూసుకోవడం. 1957లో ఇంగ్లండులో టాప్లిన్ అనే కల్నలు విద్యుత్తుతో రేడియో విమానాన్ని ఎగరేసినప్పుడు ఆయన దగ్గర ఉన్నవి వెండి-జింకు బ్యాటరీలు. ఆయనా ఈ లెక్క చూసుకునే ఉంటాడు, చూసుకోకపోతే అది లేచేది కాదు.

సరే. నాన్నగారు మోటారును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "ఇదిగో, చూడు. అన్ని కాయిల్సూ సమంగా నల్లబడ్డాయి. వైండింగ్ తప్పయితే ఒకచోటే మాడుతుంది, పక్కన ఎర్రగానే ఉంటుంది. ఫేజు పోతే ఒక వరస మిగిలి, మిగతావి మాడతాయి. అంతా ఒకే రంగు వచ్చిందంటే లోడే."

ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. నాకే ఏదో తట్టింది.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మా ప్రాంతపు చెరువుల్లో ఏరేటర్లు బాగా పెరిగాయి. చెరువులో తెల్లగా నురగలు చిమ్ముతూ తిరిగే చక్రాలు, వాటికి రెండు హార్స్‌పవర్ మోటార్లు. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ తెల్లవారుజాముకు అడుగంటుతుంది. ఆ వేళ చక్రాలు ఆగితే రొయ్య ఉండదు. 2013 వేసవిలో ఒక చెరువు మీద నాన్నగారు కట్టిన రెండు మోటార్లు ఒకే రాత్రి కాలిపోయాయి. తెల్లారేసరికి పంటంతా తేలిపోయింది. "నీ వైండింగే నన్ను ముంచింది మేస్త్రీ" అని ఆ రైతు నలుగురిలో అన్నాడు. నాన్నగారు కట్టుబడి డబ్బు తిరిగి ఇచ్చేశారు, పైన ఇంకొంత ఇచ్చారు. ఆ తరువాత కొట్టుకు వచ్చే మోటార్లు తగ్గాయి.

ఆ రోజు నేను హైదరాబాదు నుంచి ఫోనులో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకముంది. "గేజు తక్కువ తీగ వేశారేమో చూసుకోండి నాన్నగారూ." ఆయన ఏమీ అనలేదు. అమ్మకు ఇస్తున్నానని ఫోను పెట్టారు.

పదకొండేళ్ళ తరువాత వాకిట్లో నిలబడి అడిగాను. "ఆ రెండు మోటార్లూ విప్పి చూశారా?"

"విప్పకేం. ఇలాగే ఉన్నాయి."

"మరి?"

"ఫ్లోటులో నీరు చేరిందిరా. చక్రాలు నాలుగంగుళాలు మునగాలి, జానెడు మునిగాయి. ఫ్లోటు మీద పాచి గీత చూస్తే తెలిసిపోయింది. రిలే మాటిమాటికీ కొట్టేస్తోందని దాని సెట్టింగు పైకి తిప్పేశారు. ఇంక మోటారు ఏం చేస్తుంది? లాగినంతసేపు లాగింది."

"అప్పుడే చెప్పలేకపోయారా?"

"ఆయన గట్టు మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఆ మనిషికి నీదే తప్పని ఏం చెబుతాం?" కాసేపాగి, "నీకు చెప్పి ఉండవలసింది," అన్నారు.

నేను అడిగి ఉండవలసింది. ఆ మాట అప్పుడు నోట రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మా అబ్బాయికి ఇవేవీ పట్టలేదు. "తాతయ్యా, మరి ఎంత లాగుతోందో ఎలా తెలుస్తుంది?" అని వాడి గోల. నాన్నగారు పెట్టె తెరిచి టాంగ్ టెస్టర్ తీశారు. బ్యాటరీ తీగకు తగిలిస్తే సున్నా చూపించింది. అది ఏసీ కరెంటును మాత్రమే చదువుతుంది, బ్యాటరీది డీసీ. ఆయన మొహంలో క్షణంపాటు నిజమైన నిరాశ కనిపించింది. అందుకే ఒక చిన్న వాట్ మీటరూ, కొత్త కంట్రోలరూ, ఇంకో బ్యాటరీ తెప్పించాను. నాలుగు రోజులు పట్టింది.

పదమూడు చుట్ల మోటారే మళ్ళీ బిగించాం, పది అంగుళాల ప్రొపెల్లరుతోనే. ఆరు చుట్లదానికి ఆరు అంగుళాలది పెట్టి వాడుకోవచ్చు కదా అనుకోవచ్చు గానీ, మా విమానం లావు రెక్కల నెమ్మది బండి. ఎక్కువ గాలిని మెల్లగా నెట్టే పెద్ద ప్రొపెల్లరే దానికి నప్పుతుంది. మా వాడు మొహం ముడుచుకున్నా ఒప్పుకున్నాడు. తోక వాడు, రిమోటు నేను, మీటరు నాన్నగారు. పుల్ల పైదాకా తోస్తే మీటరు మీద 14.2 ఆంపియర్లు, సుమారు 155 వాట్లు. కిలో బరువుకు నూటయాభై నుంచి రెండు వందల వాట్లుంటే మామూలు విమానానికి చాలంటారు. మాకు సరిపోయింది, కంట్రోలరుకు సగం ఖాళీ మిగిలింది. గాలిలో పుల్ల సగమే ఉంటుంది కనుక ఎనిమిది ఆంపియర్లనుకుని, బ్యాటరీలో నూటికి ఎనభై వంతులే వాడదలచి లెక్కేస్తే పదమూడు నిమిషాలొచ్చాయి. ఎనిమిదింటికే దించేయమన్నారు నాన్నగారు. మరునాడు పొద్దున్న మూడుసార్లు ఎగరేశాం. మూడోసారి కొబ్బరిచెట్టు మట్టలో ఇరుక్కుంటే దించడానికి మనిషిని పిలవాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం నాన్నగారు బీరువా అడుగునుంచి అట్ట ఊడిన పద్దు పుస్తకం తీశారు. రైతు పేరు, హార్స్‌పవర్, చుట్లు, గేజు, లోడు మీద ఆంపియర్లు. ప్రతి మోటారుకూ ఒక వరస. ఆయన అన్నం తింటుండగా నేను 2013 పేజీలు తిప్పాను. ఆ రెండు మోటార్లూ ఉన్నాయి. అప్పగించిన రోజు చెరువు మీద పరీక్షించిన లెక్క, పెన్సిలుతో, రెండింటికీ 3.2. ఆ మోటారు పలకమీది పరిమితికి లోపలే.

చేయి కడుక్కుని వచ్చి పుస్తకం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. చివరి వరస 2018లోది. దాని కింద గీత గీసి, రైతు పేరుండే గడిలో మనవడి పేరు రాశారు. చుట్లు 13. లోడు మీద 14.2. గేజు గడి ఖాళీగా వదిలేశారు. విప్పి కొలవలేదు కదా.