చేపల చెరువులో పెలికాన్ల కాపురం

ఔట్‌డోర్ అనగానే మన సినిమావాళ్ళు ఊటీ అంటారు, కాశ్మీరు అంటారు, నిర్మాతకి ఓపికుంటే స్విట్జర్లాండు అంటారు. కానీ ఏటా వేలమంది ఆర్టిస్టులు ఒక్క కాల్షీటూ ఎగ్గొట్టకుండా వచ్చి దిగే ఔట్‌డోరు ఒకటి మన ఏలూరు జిల్లాలోనే ఉంది. పారితోషికం చేపలు! ఊరు ఆటపాక. ఆర్టిస్టులు పెలికాన్ పక్షులు.

జనవరిలో ఒక తెల్లవారుజామున ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. ఆ రోడ్డు కొల్లేటి మీదుగానే పోతుంది. సరస్సంటే సముద్రంలా కనుచూపు మేర నీళ్ళుంటాయనుకునేవారికి ఈ దారి వేరే బొమ్మ చూపిస్తుంది. గట్లు, గట్ల మధ్య చదరంగా నీళ్ళు, నీళ్ళని చిలుకుతున్న ఏరేటర్లు, మేత బస్తాలు దింపుతున్న లారీలు. మధ్యమధ్య గుర్రపుడెక్క పరుచుకున్న కాలవలు. కైకలూరులో దిగి ఆటో మాట్లాడుకుంటే ఆటపాక పక్షుల కేంద్రం ఎంతో దూరం లేదు.

గేటు దాటి గట్టెక్కగానే ముందు పలకరించేది వాసన! చేపల కంపూ, పక్షుల రెట్టల ఘాటూ కలిసి ముక్కుపుటాలు అదరగొడతాయి. తర్వాత గోల. ఇంత గోలా పెద్ద పక్షులది కాదు. పెద్ద పెలికాన్ దాదాపు మూగది. అరిచేవన్నీ ఆకలిగొన్న పిల్లలే.

బోటెక్కి దగ్గరికి వెళ్ళాక చూస్తే ఆశ్చర్యం. గూళ్ళున్నది చెట్ల మీదే కాదు, నీళ్ళలో పాతిన ఇనుప స్టాండ్ల మీద కూడా! చెట్లు చాలకపోతే అటవీశాఖవారు ఈ ఇనుప మంచెలు వేయించారు. పక్షులు వాటినే కొమ్మలనుకుని పుల్లలు పేర్చుకుని గుడ్లు పెట్టేస్తున్నాయి. ఒక్కో స్టాండూ హౌస్‌ఫుల్లే. పెలికాన్లకి తోడుగా పసుపు ముక్కు పెయింటెడ్ స్టార్క్ కొంగలూ, రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులూ ఉన్నాయి.

పెలికాన్‌ని తెలుగులో గూడబాతు అంటారు. చేలోకి నీళ్ళు తోడే గూడ ఎరుగుదురు కదా, దాని ముక్కు కింద వేలాడే సంచీ అచ్చం అలాగే ఉంటుంది. నీళ్ళతో సహా చేపని తోడేసి, నీళ్ళు వొంపేసి, చేపని మింగుతుంది. గూటికొచ్చాక పిల్ల తల్లి నోట్లో మెడదాకా తల దూర్చి లోపలున్నది లాగి తింటుంది. మొదటిసారి చూసేవాళ్ళకి తల్లే పిల్లని మింగేస్తోందా అనిపిస్తుంది!

"సైబీరియా నుంచి ఎన్నాళ్ళకొస్తాయండీ ఇక్కడికి?" అనడిగాడు బోటులో ఉన్న ఒక కుర్రాడు.

"సైబీరియా ఏంటి బాబూ, ఇయ్యి మన పిట్టలే. ఇక్కడే పుడతాయి, ఇక్కడే పెళ్ళాడతాయి," అన్నాడు బోటు నడిపే పెద్దాయన.

నిజమే. ఈ బూడిదరంగు పెలికాన్ మన దేశం, శ్రీలంక, కంబోడియా ప్రాంతాల్లో గూడు కట్టే జాతి. చలికాలంలో చలిదేశాల నుంచి కొల్లేటికి వలసవచ్చే బాతులు వేరు.

ఈ కాపురం వెనక పెద్ద కథే ఉంది. కొల్లేటి ప్రాంతంలో పెలికాన్ల కాలనీని కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు 1946లో గుర్తించారు. అప్పుడు దాదాపు 3000 పక్షులు గూళ్ళు కట్టి ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది! దాదాపు ఆ రోజుల్లోనే కొల్లేటిలో చేపల చెరువుల తవ్వకం ఊపందుకుంది. మొదట మత్స్యకారుల సొసైటీలకి ప్రభుత్వమే చెరువులిచ్చింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. లోతు లేని సరస్సు గట్లతో ముక్కలైపోయింది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో కోర్టు ఉత్తర్వులతో 'ఆపరేషన్ కొల్లేరు' నడిచింది. బాంబులు పెట్టి మరీ గట్లు పేల్చారు.

ఇక అసలు ట్విస్టు వినండి. ఇవాళ పెలికాన్లు కాపురం పెట్టిన ఆటపాక కూడా గట్టు కట్టిన పాత చేపల చెరువే! వందల చదరపు కిలోమీటర్ల సరస్సులో వాటికి నికరంగా దక్కింది మూడొందల ఎకరాల లోపు చెరువు. గట్టుంది కాబట్టి ఎండలు ముదిరేదాకా నీళ్ళుంటాయి, నీళ్ళున్నాయి కాబట్టి నక్కా కుక్కా గూటిదాకా రావు. మేతకి మాత్రం చుట్టుపక్కల చెరువుల మీద పడాల్సిందే. అక్కడ రైతు ఊరుకోడు. తాళ్ళు కడతాడు, టపాకాయలు కాలుస్తాడు. అప్పుచేసి వేసిన పిల్లచేప కదా మరి!

పెద్దాయన్ని అదే అడిగాను. "అప్పుడు మా సొసైటీ చెరువు గట్టూ పోయిందండి. కడుపు మండిపోయింది. ఇప్పుడీ పిట్టల్ని చూపించే నా కూలి. వీటిని తిట్టమంటారా, దణ్ణం పెట్టమంటారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ తగువు పక్షులదీ లంకల్లో జనానిదీ మాత్రమే అనుకోకండి. బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ వరదని పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదిలే తొట్టి కొల్లేరు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళూ చివరికి చేరేది ఇక్కడికే. తొట్టెలో గట్లు లేస్తే వరదకి చోటేదీ? లంక గ్రామాలే ముందు మునుగుతాయి. అలాగని చెరువు పోగొట్టుకున్న పేదవాడికి వేరే బతుకు చూపించకుండా గట్టు కొడితే ఆ గట్టు రాత్రికి రాత్రే మళ్ళీ లేస్తుంది. ఇనుప స్టాండు వేసి పక్షికి దారి చూపించగలిగినవాళ్ళం, మనిషికి చూపించలేమా?

వెళ్ళదలుచుకున్నవాళ్ళు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య, పొద్దున్నే వెళ్ళండి. బైనాక్యులర్సుంటే పట్టుకెళ్ళండి. ట్రాన్సిస్టర్ల రోజులు పోయినా సెల్‌ఫోన్లున్నాయిగా, పాటలు మాత్రం పెట్టకండి. గూట్లోంచి తల్లి లేచిపోతే గుడ్డు కాకుల పాలవుతుంది. బోటు దిగేటప్పుడు ఆ పెద్దాయనతో రెండు మాటలు మాట్లాడండి. ఏ బోర్డు మీదా రాయని కొల్లేటి కథ ఆయన దగ్గరుంది.